తొమ్మిదో ఇల్లు

బూట్లు జతగా పెట్టి ఉన్నాయి. రొసౌరా బార్రియా చూపు అక్కడే ఆగిపోయింది.

పడవల పాక వెనకాల, తడి తగలని పలక మీద, మడమలు గోడకి ఆనించి ఒక నల్లతోలు జత. మేజోళ్లు మడిచి లోపల దోపి ఉన్నాయి. పైన మేకుకి నల్లకోటు వేలాడుతోంది. కోటు జేబులో పట్నం నుంచి వచ్చిన పడవ టికెట్టు. మంగళవారం, మొదటి పడవ.

“ఇవి చూశారా సార్జెంట్?”

“చూడకేం. బూట్లు.” సార్జెంట్ రెతమాల్ పన్నెండేళ్లుగా ఈ పుల్కెమో ఊరి ఠాణాకి పెద్ద. పట్నం నుంచి ఇంకో పోలీసు, అందులోనూ ఆడమనిషి వచ్చి తన కేసులో వేలు పెట్టడం ఆయనకి గొంతులో ముల్లులా ఉంది. “డెబ్బై ఒక్కేళ్ల మనిషి బూట్లు విప్పితే వింతేముంది మేడమ్? మీ పట్నంలో కాళ్లకి అతికించుకుని పుడతారా?”

“ఆ ముసలాయన్ని ఎవరో చంపారని కదా మీరు రాశారు. చావబోయేవాడు మేజోళ్లు మడుచుకుంటాడా?”

సార్జెంట్ ఎదురుగా ఉన్న ఇంటి కేసి గడ్డం ఎగరేశాడు, జవాబంతా అక్కడే ఉన్నట్టు.

ఆ ఇల్లు బెలార్మినో చిగ్వాయ్‌ది. ఒడ్డున గుంజల మీద నిలబడ్డ తొమ్మిది చెక్క ఇళ్లలో చివరిది. ఈ దీవిలో ఇల్లు మారాలంటే ఇంటినే లాక్కుపోతారు. నిన్న పొద్దున్న దాన్ని గుంజల మీంచి దింపి, కింద రెండు పొడవాటి దుంగలు పెట్టి, పన్నెండు జతల ఎడ్లు కట్టి లాగారు. కుడిపక్క మూడు బారలు ముందుకి పోయింది. ఎడమపక్క కదల్లేదు. ఇల్లు మెలితిరిగి, ఒక మూల కుంగి, ఆ మూల కింద బెలార్మినో దొరికాడు. చూడ్డానికి ఇల్లు మోకాలు విరిగి కూలబడ్డ పశువులా ఉంది. దాని చుట్టూ సార్జెంట్ కట్టించిన పసుపు పట్టీ గాలికి కొట్టుకుంటోంది.

పోయింది ఒక్క ప్రాణమే అయితే రొసౌరా ఇంత తొందరపడేది కాదు. ఈ ఒడ్డు మీద ఏడాదిగా గొడవ నడుస్తోంది. కొత్త ప్లాను ప్రకారం తొమ్మిది ఇళ్లూ నిలబడి ఉంటే ఆ నేల ఇళ్లకే ఉండిపోతుంది. ఒక్కటి తగ్గిందా, వ్యాపారానికి పోతుంది. పెద్ద దుకాణాలు, హోటలు, కొత్త రేవు. మిగిలిన ఎనిమిది కుటుంబాలూ తట్టా బుట్టా సర్దుకోవాల్సిందే. లెక్కపెట్టే అధికారులు గురువారం సాయంత్రం నాలుగింటికి వస్తారు. ఇవాళ బుధవారం.

“టైములు చెప్పండి,” అంది రొసౌరా.

“తొమ్మిదీ నలభైకి సముద్రం బాగా వెనక్కి తగ్గింది. ఆటు ఉన్నప్పుడే కదా లాగేది, ఇసక గట్టిగా ఉంటుంది. ఎడ్ల కుస్తోదియో కేక వేశాడు. లాగారు. ఇల్లు అడ్డం తిరిగింది. తొమ్మిదీ యాభైకి కిందికి వంగి చూస్తే ముసలాయన. నేను పదీ పదికి వచ్చాను, పదిన్నరకి సీలు వేశాను.”

“ఇరవై నిమిషాల్లో సీలు! ఈ ఠాణాలో గొర్రె తప్పిపోతే మూడ్రోజులకి గానీ కుర్చీలోంచి లేవరని విన్నాను.”

“గొర్రెకీ మనిషికీ తేడా తెలుసు మాకు.”

“ఎవరు చంపారంటారు?”

“ఇంకెవరు, కుస్తోదియో. పోయిన నెల చర్చి ముందర అందరూ చూస్తుండగా ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. కుస్తోదియో దుకాణాలు రావాలంటాడు. ఈయన రాకూడదంటాడు. యాభై ఏళ్ల స్నేహం, ప్లాను పేరు చెబితే నిప్పూ గడ్డీ. ఇంటి కింద ఏదో చేసి మీద పడేట్టు లాగించాడు. ఆ అడ్డుచెక్క నా కళ్లతో నేను చూశాను.”

“పదండి, నేనూ చూస్తాను.”

రొసౌరా కోటు విప్పి, పట్టీ కిందనుంచి దూరి, మోచేతుల మీద పాక్కుంటూ ఇంటి కిందికి వెళ్లింది. బురద చల్లగా మోచేతుల్లోకి దిగింది. సార్జెంట్ రాలేదు. ఆయన ప్యాంటు ఇస్త్రీది.

ఎడమ దుంగ ముందు ఒక అడ్డుచెక్క బిగించి ఉంది. గట్టి లూమా కర్ర, రెండు జానల పొడుగు. సుత్తితో కొట్టిన దెబ్బలు తెల్లగా కనిపిస్తున్నాయి. కుడి దుంగ దగ్గర అలాంటిదే ఇంకోటి, కానీ బిగించలేదు, బురదలో ఒరిగి పడి ఉంది. దాని పక్కన కొయ్య సుత్తి. సుత్తి పిడి మీద B అని కాల్చి వేసిన గుర్తు. బెలార్మినోదే.

ఒకటి బిగించాడు. రెండోదాని దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు. అప్పుడే కేక పడింది.

రొసౌరా కాసేపు అక్కడే పడుకుని ఉండిపోయింది. నేల పలకల సందుల్లోంచి పైన ఒక ఉయ్యాల అడుగు కనిపిస్తోంది. ఆయన కూడా దాన్ని చూసే ఉంటాడు.

బయటికొచ్చాక చేతులు తుడుచుకోకుండానే అంది: “ఇల్లు పడగొట్టాలనుకున్నవాడు ఆసరాలు లాగేస్తాడు సార్జెంట్. ఇక్కడ ఒక్క ఆసరా కూడా తీయలేదు. దుంగల ముందు అడ్డం పెట్టారు. ఇల్లు కదలకూడదని పెట్టారు.”

“ఎవరు?”

“బూట్లు విప్పినవాడు. అవి ఒక్కటే మంచి జత. పట్నంలో ప్లాను మీద జరిగిన సభలో మాట్లాడటానికి వేసుకెళ్లాడు, బురదలో పాడవకూడదని విప్పాడు. పడవవాడు ఎనిమిదీ ఇరవై అయిదుకి దింపాడు. రేవు నుంచి ఇక్కడికి నలభై నిమిషాల నడక. తొమ్మిదీ అయిదు. వచ్చేసరికి తన ఇంటి ముందు పన్నెండు జతల ఎడ్లు. ముప్ఫై అయిదు నిమిషాలు ఆయన ఏం చేశాడో ఆ బురదే చెబుతోంది.”

సార్జెంట్ నవ్వాడు. ఆ నవ్వు మంచిది కాదు. “బాగుంది కథ. మరి ఒక్క మాట చెప్పండి. ముసలాయన గొంతు ఊరవతలికి వినబడే గొంతు. ఇల్లు తనది, వచ్చిన జనం తనవాళ్లు. ‘ఆపండ్రా’ అని ఒక్క అరుపు అరిస్తే అందరూ ఆగేవాళ్లు. సొంత ఇంటి కింద దొంగలా దూరడం దేనికి?”

రొసౌరాకి కోపం తెప్పించినా, ప్రశ్న సరైనదే.

“మీ ఫైలు ఇవ్వండి,” అంది.

*

నీలిదాను బడి గదిలో ఉంచారు. బెలార్మినో ఒక్కగానొక్క కూతురు. ఇరవై రెండేళ్లుంటాయి. మొగుడు చేపల ఓడ మీద దక్షిణానికి పోయి నాలుగు నెలలైంది. ఒళ్లో ఎనిమిది నెలల కూతురు మైతే, దగ్గుతూ, దగ్గినప్పుడల్లా ఎర్రబడుతూ. తల్లి ఆ పిల్ల వీపు మీద చెయ్యి తియ్యడం లేదు. మాట్లాడుతున్నా, ఏడుస్తున్నా, ఆ చెయ్యి మాత్రం ఊపిరి లెక్కపెడుతూనే ఉంది.

“ఇల్లు లాగమని అడిగింది ఎవరమ్మా?”

“నాన్నే.”

“ఎప్పుడు అడిగాడు?”

“ఆదివారం. గుమ్మం గుమ్మానికీ తిరిగి అడిగాడు.”

“ఆదివారం మీ నాన్న పట్నంలో ఉన్నాడు. శనివారం పోయాడు, సోమవారం సభలో మాట్లాడాడు. మాట్లాడినవాళ్ల జాబితాలో పేరు ఉంది. నేను చూసే వచ్చాను.”

నీలిదా తల వంచి పిల్ల శాలువా సర్దింది.

“చేతులు చూపించు.”

చూపించలేదు. రొసౌరా తనే మెల్లిగా పట్టుకుని తిప్పింది. రెండు చేతుల వేళ్ల కణుపులూ చెక్కుకుపోయి, పొక్కులు కట్టి ఉన్నాయి. ఈ దీవిలో పుట్టిన ఏ ఆడదానికైనా ఆ పుండ్లు తెలుసు. బంగాళాదుంపలు తురిమి తురిమి, ఆఖరి ముక్క దగ్గర వేళ్లు కూడా తురుముకుపోతే వస్తాయి. అడిగిన ఇంటివాళ్లే వచ్చినవాళ్లకి దుంపరొట్టె పెట్టాలి.

“ఎన్ని ఇళ్లకి తురిమావు?”

“ముప్ఫై తొమ్మిది,” అంది నీలిదా. అనేసి, నోటికి శాలువా చెంగు అడ్డం పెట్టుకుంది. మరుక్షణం కట్ట తెగింది. “నేనే తిరిగాను మేడమ్. నేనే అడిగాను. నాన్నకి గొంతు పట్టేసింది, పడుకున్నాడు, నన్ను పంపాడు అని చెప్పాను. పున్నమికీ అమావాస్యకీ పోటు వస్తే నీళ్లు పలకల్లోంచి పైకొస్తాయి. దీని పక్క తడుస్తుంది. దగ్గి దగ్గి నీలంగా అయిపోతుంది. పైన గుట్ట మీద, అమ్మ తాలూకు జాగా ఉంది. అక్కడికి ఇల్లు లాక్కుపోతే పొడిగా ఉంటుందని… నాన్నని ఏడాది నుంచి అడుగుతున్నాను. ‘ఒడ్డు వదిలితే ఒడ్డు పోతుందే’ అంటాడు. ఒడ్డు సంగతే గానీ దీని సంగతి పట్టదా అని నేను… అరిచాను కూడా.”

“మీ ఇల్లు పోతే ఎనిమిదే మిగులుతాయని తెలియదా?”

“ఎక్కడికి పోతుంది? గుట్ట మీద ఉంటుందిగా!” నీలిదా కళ్లు విప్పార్చింది. “ఇల్లు ఇల్లే కదా. సార్జెంట్ గారిని అడిగాను. ‘లెక్కపెట్టేది ఇళ్లనే, నువ్వు ఏ మూలకి లాక్కుపోయినా తొమ్మిది తొమ్మిదే’ అన్నారు. ఇల్లు దాటేదాకా దారి ఆపడానికి కాగితం కూడా ఆయనే రాసిచ్చారు. గురువారం లోపల కానిచ్చెయ్ అని కూడా అన్నారు.”

రొసౌరా కళ్లు మూసుకుంది. ఈ పిల్లని తెలివితక్కువది అనడానికి లేదు. ఈ దీవిలో ఎవర్ని అడిగినా ఇదే అంటారు. ఇక్కడ ఇల్లు నడుస్తుంది. ఒడ్డున ఉన్నా, గుట్టెక్కినా, నీళ్ల మీద తేలుతూ అవతలి గట్టుకి పోయినా అది ఫలానావాళ్ల ఇల్లే. ప్లాను రాసినవాళ్లు ఇల్లు నడవగా చూడలేదు. వాళ్ల కాగితంలో ‘తన జాగాలో నిలిచి ఉన్న ఇల్లు’ అని ఉంది. సోమవారం సభలో ఆ ముక్క పైకి చదివారు. బెలార్మినో విన్నాడు. అందుకే మంగళవారం మొదటి పడవెక్కాడు, ఆ ముక్క అందరికీ చెప్పాలని.

వచ్చేసరికి తన ఇంటికి ఎడ్లు కట్టి ఉన్నాయి.

“అక్కా,” అంది నీలిదా. మేడమ్ ఎప్పుడు అక్క అయిందో ఇద్దరికీ తెలీదు. “నాన్న వచ్చాడని నాకు తెలీదు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వచ్చినవాడు ఎందుకు అరవలేదక్కా? నన్ను తిట్టొచ్చుగా. అందరి ముందూ జుట్టు పట్టుకుని కొట్టొచ్చుగా. ఎందుకు అరవలేదు?”

సార్జెంట్ అడిగిన ప్రశ్నే. కానీ ఈ నోట విన్నాక రొసౌరాకి జవాబు దొరికింది. దొరక్కపోతే బాగుండుననిపించింది.

తనకి ఏడేళ్లప్పుడు, ఇదే దీవిలో, వాళ్ల ఇల్లూ ఇలాగే లాగారు. లాగబోతే కదల్లేదు. ఎనిమిది జతలు కట్టినా కదల్లేదు. అప్పుడు ఒక పెద్దావిడ ‘ఇల్లు రానంటోంది, బలవంతం చెయ్యకూడదు’ అంది. అంతే. ఎవరూ ఎవర్నీ తప్పుపట్టలేదు. రొట్టెలు తిని, ఆపిల్ కల్లు తాగి, నవ్వుకుంటూ ఇళ్లకి పోయారు. రానన్న ఇంటికీ పరువు పోదు, అడిగినవాళ్లకీ పోదు.

“నీలిదా, మీ నాన్న ‘నేను అడగలేదు’ అని అరిచాడనుకో. ముప్ఫై తొమ్మిది గుమ్మాల్లో నువ్వు అబద్ధం ఆడినట్టు తేలేది. ఇక్కడ అడగడమంటే ఏంటో నీకు తెలుసు. అడిగితే కాదనకూడదు. అందుకే అబద్ధంగా అడిగినవాళ్లకి మళ్లీ ఎవరూ తలుపు తియ్యరు. నిన్ను పెళ్లాడినవాడు దగ్గర లేడు, చంటిపిల్ల, రేపు నాన్న లేకపోతే నీకు ఊరే దిక్కు. అందుకని నీ మాట నిలబెడుతూనే ఇల్లు ఆపాలనుకున్నాడు. ఇల్లు తనంతట తనే రానన్నట్టు చెయ్యాలనుకున్నాడు. ఒక దుంగకి అడ్డం పెట్టాడు. రెండోది…”

చెప్పడం ఆపింది. ఇక చెప్పక్కర్లేకపోయింది.

నీలిదా ఏడవలేదు. నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. ఆ శబ్దం ఏదో పిల్ల అందుకున్నట్టు మైతే ఏడ్చింది, పెద్దగా, ఎక్కిళ్లు పెట్టి. తల్లి చెయ్యి వీపు మీద మళ్లీ కదిలింది.

*

సార్జెంట్ ఠాణా మెట్ల మీద మాతే ఆకుల టీ గొట్టంతో తాగుతున్నాడు. రొసౌరా ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

“దారి ఆపడానికి అనుమతి. సోమవారం పదకొండింటికి మీ ఎదుట బెలార్మినో చిగ్వాయ్ సంతకం చేసినట్టు మీరు రాశారు. సోమవారం పదకొండింటికి ఆయన పట్నం సభలో నిలబడి మాట్లాడుతున్నాడు.”

సార్జెంట్ నెమ్మదిగా ఒక గుక్క పీల్చాడు. “సంతకం నేను పెట్టలేదు.”

“తెలుసు. ఆ పిల్ల చేత పెట్టించారు.”

“అయితే ఆలోచించుకోండి. తండ్రి సంతకం పెట్టింది తను. నన్ను లాగితే నాకన్నా ముందు ఆవిడ వస్తుంది బోనులోకి. చంటిదాన్ని ఎక్కడ పెడతారు? మీ పట్నం ఆఫీసులోనా?”

“తొమ్మిది తొమ్మిదే అని ఎందుకు చెప్పారు?”

“ఇళ్లని లెక్కపెడతారన్నాను. అబద్ధమా?” ఆయన గొంతు మొదటిసారి లేచింది. “ఏం, దుకాణాలొస్తే తప్పా? పోయిన చలికాలం మా ఆవిడకి నొప్పులొచ్చాయి. గాలికి పడవ తియ్యలేదు. మందుల కొట్టు లేదు, డాక్టరు లేడు. బిడ్డ దక్కలేదు. మీరు ఆదివారాలు వచ్చి ‘గుంజల మీద ఇళ్లు, ఎంత బాగున్నాయో’ అని ఫోటోలు తీసుకుపోతారు. ఆ బాగుండే ఇళ్ల కింద మేము తడుస్తూ చావాలి. ఆ పిల్లకి నేను చెడు చెప్పలేదు. గుట్ట మీద దాని బిడ్డ పొడిగా ఉంటుంది, ఒడ్డున రేవు వస్తుంది. ముసలాయన్ని కింద దూరమని నేను చెప్పానా?”

ఈ మనిషిని అసహ్యించుకుందామని వచ్చింది రొసౌరా. బిడ్డ దక్కలేదన్న మాట ఆ పని చెయ్యనివ్వలేదు.

“బిడ్డ పోయినందుకు నాకూ బాధగానే ఉంది సార్జెంట్,” అంది. “కానీ రేవు కావాలంటే సభలో చెయ్యెత్తి అడగాలి. ఎనిమిది కొంపలు ఒక పిల్ల భుజం మీంచి కూల్చకూడదు. హత్య అన్నారు, సీలు వేశారు. సీలు పడితే ఇల్లు పది రోజులు వెనక్కి తన జాగాలోకి పోదు. రేపు నాలుగింటికి లెక్కలో ఎనిమిదే. మీకు కుస్తోదియో మీద పగ లేదు. మీకు కావాల్సింది ఆ పసుపు పట్టీ.”

రొసౌరా మెట్టు మీదే కాగితం పరిచి అక్కడికక్కడే రాసింది. ‘ఇంటి దుంగకి అడ్డుచెక్క పెడుతుండగా ప్రమాదవశాత్తూ మరణం. హత్య ఆనవాళ్లు లేవు. సీలు తొలగించవచ్చు.’ ఎందుకు పెట్టాడో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. జన్మలో మొదటిసారి ఆ సంగతికి సంతోషించింది.

“తొలగించుకోండి,” అన్నాడు సార్జెంట్. “ప్రాసిక్యూటర్‌కి పొద్దున్నే ఫోన్ చేశాను. రేపు పదింటి పడవకి దిగుతాడు. ఆయన వచ్చి మళ్లీ సీలు వెయ్యమంటే మీ కాగితం పొయ్యిలోకే. రేపు ఆటు ఎన్నింటికో తెలుసా?”

“పదకొండూ ఇరవైకి.”

“ఆయన పదింటికి.” సార్జెంట్ వేళ్లు విప్పి చూపించాడు. “గంటా ఇరవై నిమిషాలు ముందే. లాక్కోండి. దారి ఆపే కాగితం మాత్రం నేనివ్వను.”

“అక్కర్లేదు. ఇల్లు ఇంకా దారి దాకా రానేలేదు. ఇసక మీంచి ఇసక మీదికే పోతుంది. ఇసక మీ ఠాణాది కాదు.”

మెట్లు దిగుతుంటే వెనకనుంచి అన్నాడు: “ఎడ్లెవరు కడతారు మేడమ్? అడగాల్సింది ఇంటి యజమాని. యజమాని శవపేటికలో ఉన్నాడు.”

*

నీలిదా ఠాణా పక్కనే ఉన్న బడి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. పిల్లని శాలువాతో వీపుకి కట్టుకుంది.

“ఇప్పుడు యజమానిని నేనే కదక్కా?”

“నువ్వే. కానీ వెళ్లి ఏమని చెబుతావు? ‘నాన్న చివరి కోరిక’ అని చెప్పినా వస్తారు. నిజం చెప్పక్కర్లేదు నీలిదా. అది దాగి ఉండాలనే ఆయన…”

“అబద్ధం చెప్పి ఒకసారి అడిగాను. ఏమైందో చూశావుగా.” అంటూనే గుమ్మం దిగింది. “ఇంకోసారి అబద్ధంతో ఆ ఎడ్లని కట్టించలేను.”

మొదటి గుమ్మం కుస్తోదియోదే. తప్పించుకుని పక్కింటికి పోవచ్చు. పోలేదు. రొసౌరా దారి మీదే ఆగింది. అడిగేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండకూడదు.

తలుపు తీసింది కుస్తోదియోనే. నిన్నటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదని ఊళ్లో చెప్పుకుంటున్నారు. గడ్డం మాసిపోయింది. చొక్కాకి నిన్నటి బురద అలాగే ఉంది. కేక వేసింది ఆయన గొంతు. యాభై ఏళ్ల స్నేహితుడి మీద.

“బాబాయ్,” అంది నీలిదా, మెట్టు కిందే నిలబడి. “ఇల్లు వెనక్కి లాగాలి. రేపు. అడగడానికి వచ్చాను.” కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ అంది. “నాన్న మిమ్మల్ని అడగలేదు బాబాయ్. ఆదివారం. ఆయనకి తెలీదు. నేనే అబద్ధం ఆడాను.”

కుస్తోదియో చొక్కా మీద ఎండిన బురదని గోటితో గీకాడు.

“తెలుసు,” అన్నాడు.

నీలిదా అర్థంకానట్టు చూసింది.

“మీ నాన్న జ్వరంతో చస్తున్నా పాక్కుంటూ వచ్చి తనే అడిగే మనిషి. కూతుర్ని పంపేవాడా? నువ్వు మెట్టు దిగగానే మీ పిన్ని అంది, ‘ఆయన అడగలేదు, పిల్ల అడుగుతోంది, చంటిదాని దగ్గు చూడలేక’ అని. పిల్ల అడిగితే మాత్రం కాదంటామా అన్నాను. బెలార్మినో పట్నం నుంచి తిరిగొచ్చాక రెండ్రోజులు అరుస్తాడు, నన్ను నాలుగు బూతులు తిడతాడు, మూడోనాడు గుట్టమీద కూచుని దుంపరొట్టె తింటాడు, అనుకున్నాను. అందరం అదే అనుకున్నాం.” ఆయన ద్వారబంధం పట్టుకున్నాడు. “ఊరందరికీ తెలుసమ్మా. తెలిసే వచ్చారు. నిన్ను తప్పుపట్టేవాడు ఒక్కడూ లేడు. మాకు తెలుసని తెలియనిది వాడొక్కడికే.”

రొసౌరా ముఖం పక్కకి తిప్పుకుంది. ఎన్నో శవాలు చూసింది, ఎన్నో నేరాలు. దాచక్కర్లేని దాన్ని దాచడానికి ఒక మనిషి చెప్పుల్లేని కాళ్లతో బురదలో పాక్కుంటూ పోవడం మాత్రం ఎక్కడా చూడలేదు.

నీలిదా మెట్టు మీద కూలబడింది. వీపు మీద పిల్ల దగ్గింది. ఆ దగ్గుకి తల్లి చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

కుస్తోదియో వంగి, మోచెయ్యి పట్టుకుని లేపాడు. ఆ లేపడంలో మెత్తదనం లేదు. ఆ వేళకి మెత్తదనం పనికిరాదు.

“రేపు ఎన్నింటికి?”

“పదకొండూ ఇరవైకి ఆటు. కానీ పదింటికి ప్రాసిక్యూటర్ వస్తాడంట. సీలు వేస్తాడంట.”

“అయితే తొమ్మిదింటికే ఎడ్లు కడతాను. నీళ్లలోనే లాగుదాం, మోకాళ్ల దాకా ఉంటే ఉన్నాయి. ఇంకా ఎన్ని గుమ్మాలున్నాయి నీకు?”

“ముప్ఫై ఎనిమిది.”

“అన్నింటికీ వెళ్లు. ప్రతి గుమ్మంలో నాకు చెప్పినట్టే చెప్పు. వాళ్లూ ‘తెలుసు’ అంటారు.” కుస్తోదియో తలుపు మీద చెయ్యి పెట్టి, ఆమె వైపు చూడకుండా అన్నాడు. “వినడం కష్టమే. ముప్ఫై ఎనిమిది సార్లూ విను. నేను ఎడ్లకి మేత వేస్తాను.”

తలుపు మూసుకుంది. లోపల ఏదో గట్టిగా నేలకేసి కొట్టిన చప్పుడు, ఆ తర్వాత ఒక మగవాడు ఏడుపు ఆపుకోలేకపోతున్న చప్పుడు.

నీలిదా శాలువా బిగించుకుని పక్కింటికి నడిచింది. రొసౌరా దారి మీదే నిలబడి చూస్తోంది. అంత దూరానికి మాటలు వినబడవు. తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఒక ముసలావిడ పిండి చేతులతో బయటికొచ్చింది. నీలిదా పెదాలు కదిలాయి.

ముసలావిడ మెల్లిగా తల ఊపింది.